ఉప్పునీటి చేపలకు కోరంటి

ఉప్పల్ అను పేరులో ఉప్పు వినబడునేగాని ఆ యూరికి ఉప్పునీటితో నెట్టి సంబంధమును లేదు. హైదరాబాదు నగరమునకు తూర్పువాకిలివలె మూసీనదికి ఉత్తరపుగట్టున నున్న ఉప్పలునకును, దాని ప్రక్కనున్న నాచారమునకును సముద్రము 250 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. అయినను నేడు ఈ ప్రాంతపు టిండ్లలో గాజుతొట్లు పెట్టి మంచినీటి చేపలను పెంచువారు పెక్కుమంది కలరు. వారిలో కొందరు మరియొక మెట్టెక్కి, మార్కెట్టున దొరకు సముద్రలవణమును నీట కలిపి, కడలిచేపలనే యింటికి తెచ్చుకొనుచున్నారు. నారింజవన్నెపై తెల్లని పట్టెలుగల క్లౌన్ చేపయు, నీలమువలె మెరయు డామ్సెల్ చేపయు, పళ్ళెమువలె బల్లపరుపుగా నుండు సర్జన్ చేపయు ముందుగదిలో నీదులాడుచుండగా పిల్లలును పెద్దలును కన్నార్పక చూచుచుందురు.

అయితే ఈ ముచ్చట వెంట నొక దుఃఖము కలదు. అంగడినుండి క్రొత్తచేపను తెచ్చి తొట్టిలో విడుతురు. అది చురుకుగా తిరుగును, మేత తినును. వారము, పది దినములు గడచునప్పటికి దాని రెక్కలపై ఉప్పురవ చల్లినట్లు చుక్కలు కానవచ్చును. మరి నాలుగు దినములకు ఏండ్లతరబడి పెరిగిన పాతచేపలును రాళ్ళకు ఒళ్ళు రాచుకొనుచు, మేత మాని, ఒక్కొక్కటిగా తేలిపోవును. ఇంటివారు నీటిని నిందింతురు, కరెంటును నిందింతురు, తుదకు దిష్టి తగిలినదందురు. నిజమునకు ఆ తొట్టిని చెరిచినది, క్రొత్తచేపతోగూడ పిలువని పేరంటముగా వచ్చిన కంటికానని పరాన్నజీవి. దానిని గడప దాటనీయకుండుటకు ఉపాయమొక్కటే కలదు. క్రొత్తగా వచ్చిన చేపను వేరుతొట్టిలో కొన్ని వారములు నిలిపియుంచుట. ఆ యుపాయమును గృహిణులకు విడమరచి చెప్పుటయే మా యుద్దేశము. ఏలయన తొట్టి కొనునది యెవ్వరైనను, దినదినము దానిని కనిపెట్టి చూచునది చాలయిండ్లలో ఇల్లాలే.

కోరంటి యను మాట

కోరంటి యనగానే పూలమొక్క జ్ఞప్తికి వచ్చును. మేము చెప్పునది ఆ కోరంటి కాదు. ఉప్పలునుండి రామంతాపురము, అంబరుపేటల మీదుగా నగరములోనికి పోయినయెడల నల్లకుంటలో అంటురోగముల ఆసుపత్రి యొకటి కలదు. దానిని జనులు ఫీవరాసుపత్రి యందురు, పెద్దవారు నేటికిని కోరంటి దవాఖానా యందురు. క్వారంటైన్ అను మాట నగరవాసుల నాలుకపై నరిగి నునుపై కోరంటి యయ్యెను. ఆ మాటకు మూలము ఇటలీభాషలో నలుబది యను సంఖ్య. 1377లో ఆడ్రియాటిక్ సముద్రతీరమున రగూసా యను రేవుపట్టణమువారు, మహామారి గల దేశములనుండి వచ్చువారిని ముప్పది దినములు వెలుపలనే నిలిపియుంచవలెనని శాసించిరి. పిమ్మట ఆ గడువు నలుబది దినములుగా మారి, ఆ సంఖ్యయే పేరుగా నిలిచెను.

ఈ యాచారము మనకు క్రొత్తది కాదు. ఇంట నెవ్వరికైన అమ్మవారు పోసినప్పుడు గుమ్మమునకు వేపమండలు కట్టి, పరుల రాకపోకలను మాన్పించి, రోగిని వేరుగదిలో నుంచుట మన అవ్వలెరిగిన పద్ధతియే. 2020లో కరోనా వచ్చినప్పుడు పదునాలుగు దినముల యెడబాటు యెట్లుండునో ఇంటింటివారికిని తెలిసివచ్చినది. అందరును ఆరోగ్యముగా నున్నట్లే కానవచ్చుచుండగా ఒక్కరిని వేరుగా నుంచుట మనసునకు కష్టము. కాని రోగము లోన దాగియుండి కొంతకాలమునకు గాని బయటపడనిదైనప్పుడు, కంటిచూపును నమ్మక కాలమునే నమ్మవలెను. చేపల విషయమునను ఇదియే న్యాయము.

నల్లకుంట ఆసుపత్రి యిప్పుడు రొనాల్డు రాసు పేర నున్నది. ఆ వైద్యుడే 1897 ఆగస్టు 20వ తేదీన మన సికిందరాబాదులో దోమకడుపున మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. పరాన్నజీవి ఒకచోట పెరిగి, మరియొకచోట రూపము మార్చుకొని, తిరిగి వచ్చునని ఆ పరిశోధనవలన లోకమునకు స్పష్టమాయెను. చేపల తెల్లచుక్కల రోగమును గ్రహించుటకును ఈ విషయమే తాళపుచెవి.

గాజుతొట్టి స్త్రీల కల్పన

ఇచ్చట చదువరులకు సంతోషము గలిగించు సంగతి యొకటి చెప్పెదము. సముద్రజీవులను గాజుతొట్టిలో నుంచి పరిశీలించు పద్ధతికి మొదటివారు స్త్రీలే. ఫ్రాన్సు దేశమున కుట్టుపనివలన జీవించిన జాన్ విల్‌ప్రూ పవర్ అను నామె, పెండ్లియాడి సిసిలీ ద్వీపమున మెస్సీనాపట్టణము చేరి, 1832 ప్రాంతమున ఆర్గొనాట్ అను సముద్రజీవిని సజీవముగా నుంచి చూచుటకై గాజుతొట్లను చేయించెను. ఆ జీవి తన పెంకును తానే కట్టుకొనుననియు, పరుల పెంకును దొంగిలించునది కాదనియు ఆమె నిరూపించెను. పిమ్మట 1846లో లండనునగరమున ఆన్నా థిన్ అను మరియొక స్త్రీ సముద్రజలమును పాత్రలోనుండి పాత్రలోనికి పలుమారు పోయించి, గాలి సోకించి, అందు పగడపుజీవులను బ్రదికించెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలయందు చేపల ప్రదర్శనగృహము తెరచిరి.

చిత్రమేమనగా, చేపలను ఒకచోట చేర్చిన ఆ ప్రదర్శనశాలలే వాటి రోగములను గూడ బయల్పరచినవి. చేపలను చంపు వెల్వెట్ అను రోగమునకు కారణమగు జీవిని 1931లోను, తెల్లచుక్కల జీవికి క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అను పేరుతో 1951లోను ఇ. ఎం. బ్రౌన్ అను పరిశోధకులు శాస్త్రలోకమునకు తెలియజేసిరి. అంతకుముందే 1930ల తుదిభాగమున జపానులో సికామా యను పండితుడు తెల్లచుక్కల రోగమును వర్ణించియుండెను.

సముద్రమున లేని యుపద్రవము తొట్టిలో నేల కలుగును? సముద్రమునను ఈ జీవులు కలవు. అచ్చట చేపనుండి రాలిన పరాన్నజీవి అడుగుకు చేరి పిల్లలను విడుచునప్పటికి చేప ఎచ్చటికో పోయియుండును. వేయింట ఒకటికి గాని చేప దొరకదు. రెండు వందల లీటర్ల తొట్టిలోనో, చేపకు పోవుటకు చోటు లేదు. ప్రతి పిల్లకును విందు సిద్ధముగా నున్నది. దీనికితోడు వలలో పట్టబడి, సంచిలో ప్రయాణము చేసి, చేతులు మారి వచ్చిన చేప నీరసించి యుండును. అంగళ్ళలో పలుతొట్ల నీరు ఒకే వడపోతలో తిరుగుటచేత ఒకదాని జబ్బు వేరొకదానికి సోకును. కొన్నిచోట్ల నీటిలో కొంచెముగా రాగిమందు వేసియుంచుటచే చుక్కలు పైకి కానరాకుండ అణగియుండి, మన యింటి శుభ్రజలములోనికి రాగానే విజృంభించును.

మూడు శత్రువులు

మొదటిది తెల్లచుక్కల రోగము. చేప యొంటిపై చుక్కవలె కనబడునది చర్మము క్రింద కూర్చుండి మేయుచున్న జీవి. అది మూడు మొదలు ఏడు దినములు చేప నాశ్రయించి, కడుపునిండిన పిదప, తరచుగా చీకటివేళ, తనంతతానే రాలిపోవును. చుక్కలు మాయమగుట చూచి ఇంటివారు జబ్బు కుదిరినదని సంతోషింతురు. కాని రాలిన జీవి ఇసుకలోనో, రాతిపైననో అంటుకొని, గట్టి పెంకు కట్టుకొని, లోపల చీలి చీలి రమారమి 200 వరకు పిల్లలగును. ఈ పెంకు దశ సాధారణముగా మూడు దినములనుండి ఇరువదియెనిమిది దినములవరకు నుండును. కొన్నిమారులు 72 దినములు గూడ పట్టినట్లు పరిశోధకులు వ్రాసిరి. పెంకు పగిలి వెలువడిన పిల్లలు ఒకటిరెండు దినములలో చేపను చేరవలెను, లేనిచో చచ్చును. ఏ మందైనను పనిచేయునది ఈ యీదులాడు దశలోనే. చర్మము క్రిందనున్న దానిని మందంటదు, పెంకులోనున్న దానిని మందు చొరదు. కావున రెండు దినములు మందు వేసి మానుట తలుపు తెరచియుంచి గొళ్ళెము పెట్టినట్లుండును.

ఇంకొక మోసము కలదు. ఒకమారు రోగమునుండి తప్పించుకొన్న చేపకు కొన్ని నెలలపాటు కొంత రోగనిరోధకశక్తి కలుగును. అది పైకి శుభ్రముగా నుండి, మొప్పలలో నాలుగైదు జీవులను మోయుచు, ఇతరులకు పంచుచుండును. మొప్పలలోనిది మన కంటికి కానరాదు. చుక్కలు లేవుగదా యని కోరంటిని మానరాదనుట కిదియే కారణము.

రెండవది వెల్వెట్ రోగము. దీనిని కలిగించునది నాచుజాతికి చుట్టమగు సూక్ష్మజీవి. చేపపై పసుపు, బంగారువన్నెల పొడి యద్దినట్లు కానవచ్చును. దీపము ప్రక్కవాటుగ వేసి చూచినగాని తెలియదు. ఇది ముందుగా మొప్పలను పట్టును. చేప ఎగశ్వాస పీల్చును, వెలుతురుకు దొలగును, గాలిబుడగల చెంతనే నిలుచును. ఒక్క పెంకునుండి 256 వరకు పిల్లలు పుట్టును. తెల్లచుక్కలు వారములలో చంపునది, ఇది రెండు మూడు దినములలోనే తొట్టిని శూన్యము చేయగలదు.

మూడవది జిగురుపురుగు. ఇది చదునైన చిన్నపురుగు. గాజువలె పారదర్శకమగుటచే చేపపైనున్నను కానరాదు. కన్నులపై పట్టినచో కన్ను మసకబారును. దీని గ్రుడ్లకు దారములవంటి తోకలుండి, వలలకును గొట్టములకును చిక్కుకొని నిలుచును.

కోరంటి తొట్టిని అమర్చుట

కోరంటి తొట్టికి అలంకారమక్కరలేదు. ఎనుబదినుండి నూరు లీటర్లు పట్టు వట్టి గాజుతొట్టి చిన్నచేపలకు చాలును. ఇసుక వేయరాదు, రాళ్ళు పెట్టరాదు. పరాన్నజీవుల పెంకులకు అవి దాగుచోట్లగును. అదిగాక సున్నపురాయియు గవ్వయిసుకయు నీటిలోని రాగిమందును పీల్చివేయును. చేప దాగుకొనుటకు నీళ్ళగొట్టపు ప్లాస్టిక్ ముక్కలు రెండు చాలును. పైన మూత యవసరము, బెదరిన చేప ఎగిరి నేల పడును.

వడపోతకు స్పాంజి మేలు. కాని క్రొత్త స్పాంజిలో చేప విసర్జించు అమ్మోనియాను హరించు సూక్ష్మజీవులుండవు. కోరంటిలో చేపలు చచ్చుటకు పరాన్నజీవికంటె ఈ అమ్మోనియాయే పెక్కుమారులు కారణము. అందుచే నెల ముందుగానే ఒక స్పాంజిని ఆరోగ్యముగానున్న పెద్దతొట్టి వడపోతలో వేసియుంచి, అవసరమైనప్పుడు తీసి కోరంటిలో వాడవలెను. పెరుగుకు తోడువేయుటకు చేమిరి దాచినట్లే ఇదియు. ఒకసారి కోరంటిలో వాడిన స్పాంజిని మరల పెద్దతొట్టిలో వేయరాదు. అమ్మోనియాను పరీక్షించు మందు అంగళ్ళలో దొరకును. దినదినము పరీక్షించి, అది కానవచ్చినచో నీటిలో మూడవవంతో సగమో మార్చవలెను.

నీటి సంగతియు కొంత చెప్పవలెను. మన కుళాయిలకు వచ్చు కృష్ణా గోదావరీ జలములందు క్లోరిన్ వేయుదురు. అది మనుజులకు మేలు, చేపమొప్పలకు విషము. బోరునీటిలో రాతినేలనుండి కరగిన లవణములుండును. కావున ఆర్.ఓ. యంత్రమున శుద్ధిచేసిన నీటిలోనే సముద్రలవణమును కలుపుట క్షేమము. వంటింటి అయొడిన్ ఉప్పు దీనికి పనికిరాదు. సముద్రజలమున కిలోకు రమారమి 35 గ్రాముల లవణములుండును. అవి పలురకములవి, ఒక్క వంటయుప్పు కాదు. ఉప్పదనమును రిఫ్రాక్టోమీటరు అను పరికరముతో చూచుట మంచిది, తేలుడుబుడ్డి తరచు తప్పు చూపును.

చేపను తెచ్చుటకు ముందే అంగడివారి నీటి ఉప్పదనమెంతయో అడిగి కోరంటి నీటిని దానికి సరిపోల్చి యుంచవలెను. దూరమునుండి వచ్చిన సంచిని విప్పగానే నీటి గుణము మారి, అందలి అమ్మోనియా ఘాటెక్కును. గంటలకొలది బొట్టుబొట్టుగా నీరు కలుపుచు ఆ సంచిలోనే చేపను ఉంచుట కంటె, సంచిని కొంతసేపు తేలవేసి వేడిమి సమము చేసి, చేపను మాత్రము తీసి కోరంటిలో విడుచుట మేలు. సంచినీరు పారబోయవలెను.

కోరంటి తొట్టిని పెద్దతొట్టికి దూరముగా, వీలైనచో వేరుగదిలో నుంచవలెను. వెల్వెట్ జీవి నీటితుంపరలతో కొన్ని యడుగుల దూరము గాలిలో పోగలదని పరిశోధనలు తెలిపినవి. వల, గొట్టము, బకెట్టు వేరువేరుగా నుండవలెను. మొదట పెద్దతొట్టి పని ముగించి పిదప కోరంటి పని చూచినచో తడిచేయి జబ్బును మోసికొనిపోదు. మే నెలలో ఉప్పల్ మేడలపై యెండ నలుబది డిగ్రీలు దాటును. వేడినీటిలో పరాన్నజీవి త్వరగా పెరుగును, చేపకు ప్రాణవాయువు తగ్గును. నీటిని 25 మొదలు 27 డిగ్రీలలో నుంచి, కరెంటు పోయినప్పుడు పనిచేయు బ్యాటరీ గాలిపంపును దగ్గర నుంచుకొనవలెను.

చికిత్సలు

మందు లేని చికిత్సను ముందుగా చెప్పెదము. తెల్లచుక్కల జీవి రాలిన పిదప పిల్లలు వెలువడుటకు కనీసము మూడు దినములు పట్టునని చెప్పితిమి. ఆ లోపలనే చేపను వేరొక శుభ్రమైన తొట్టికి మార్చినచో రాలినదంతయు పాతతొట్టిలో నిలిచిపోవును. ప్రతి 72 గంటలకు ఒకమారు, నాలుగుమారులు మార్చినయెడల పండ్రెండు దినములలో చేప విముక్తమగును. ఖాళీచేసిన తొట్టిని, గొట్టములను, స్పాంజిని పారవేయవలసినవి పారవేసి, తక్కినవి కడిగి, పూర్తిగా ఎండనిచ్చి, తరువాతి వంతునకు వాడవచ్చును. రెండు తొట్లు, ఓపిక, గడియారము ఉన్నచో చాలును. మా యెరుకలో గృహిణులకు మిగుల నమరిన పద్ధతి యిది. అయితే ఇది వెల్వెట్టుకు చాలదు, జిగురుపురుగును వదలింపదు.

రెండవది రాగి. మైలుతుత్తము పొలములందు తెగుళ్ళకు వాడుట మనవారెరుగుదురు. అందలి రాగియే చేపల పరాన్నజీవులను చంపును. శుద్ధమగు రాగిలవణమును వాడినచో లీటరునీటికి 0.15 మొదలు 0.20 మిల్లీగ్రాముల రాగి యుండవలెను. ఇది రాగి లెక్క, మైలుతుత్తపు లెక్క కాదు. మైలుతుత్తమున రాగి నాల్గవవంతు మాత్రమే. అందుచే ఇంటిలో తూచి వేయుటకు పూనుకొనరాదు. అంగడి మందులలో కొన్ని రాగిని వేరు పదార్థముతో బంధించి చేసినవి, వాటి కొలత వేరు. సీసాపై వ్రాసిన మోతాదును, దానికి తగిన పరీక్షమందును వాడుటయే దారి. కొలత తగ్గినచో పరాన్నజీవి బ్రదుకును, హెచ్చినచో చేప చచ్చును. ఒకటిరెండు దినములలో మెల్లగా కొలతకు తెచ్చి, దినదినము పరీక్షించుచు, ఎడతెగక ఒక నెల యుంచవలెను. రాగి రొయ్యలకు, నత్తలకు, నక్షత్రచేపలకు మృత్యువు. ఒకసారి పెద్దతొట్టిలో పోసినచో రాళ్ళలో ఇంకి చిరకాలము బాధించును. మందు వేయుటకు వేరుతొట్టి కావలయుననుటకు ఇదియు నొక కారణము.

మూడవది ఉప్పు తగ్గించుట. సముద్రజలపు సాంద్రత 1.025 ఉండగా దానిని రెండు దినములలో క్రమముగా 1.009కి దించి, నాలుగు వారములుంచినచో తెల్లచుక్కల జీవులు తాళజాలవు, చేపలు మాత్రము తాళును. తిరిగి ఉప్పు పెంచునప్పుడు తొందర కూడదు, వారము పట్టవలెను. ఇదియు వెల్వెట్టును చంపదు. కొన్ని తెగల తెల్లచుక్కల జీవులు తక్కువ ఉప్పునకు ఓర్చుకొన్నట్లును తెలియవచ్చినది. కావున కొలత తప్పక చూచుకొనవలెను.

జిగురుపురుగునకు మంచినీటి స్నానము పరీక్షయు చికిత్సయు. క్లోరిన్ లేని మంచినీటిని తొట్టినీటి వేడిమికిని క్షారగుణమునకును సరిచేసి, గాలి ఆడించి, అందు చేపను మూడునుండి ఐదు నిమిషములు ఉంచుదురు. అంతవరకు కానరాని పురుగులు తెల్లబడి, నువ్వుగింజలవలె అడుగున రాలును. చేప ఒరిగిపోయినచో వెంటనే తీసివేయవలెను. గ్రుడ్లనుండి పొదిగినవాటికై ప్రాజిక్వాంటెల్ అను మందును లీటరుకు రెండు, రెండున్నర మిల్లీగ్రాముల చొప్పున వేసి, వారమునకు మరల వేయుదురు.

వెల్లుల్లి మేతలో కలిపినచో చేపకు ఆకలి పుట్టవచ్చునుగాని పరాన్నజీవి పోదు. ఒకే దినమున రెండు మూడు మందులు కలిపి వేయుట ప్రమాదము.

జబ్బు పెద్దతొట్టిలో ప్రవేశించినయెడల

అప్పుడు చేపలనన్నిటిని తీసి కోరంటిలో చికిత్స చేయుచు, పెద్దతొట్టిని చేపలు లేకుండ 76 దినములు విడిచియుంచుట అనుభవజ్ఞులు పాటించు నియమము. రొయ్యలు, నత్తలు అందులోనే యుండవచ్చును. పరాన్నజీవికి అవి ఆహారము కావు. పెంకులు పగిలి వెలువడిన పిల్లలు చేప దొరకక నశించును. రెండున్నర నెలలు శూన్యపు తొట్టిని చూచుట పిల్లలకు దుస్సహము. కాని అరువది దినములకే ఓపిక చెడి ఒక చేపను విడిచినచో పడిన పాటంతయు వ్యర్థము కావచ్చును. మొదట ఒక్కచేపకు నెలదినములు కోరంటి యుంచియున్నచో ఈ రెండున్నర నెలల శిక్ష తప్పియుండెడిది.

ఈ కట్టుబాటు ఇంటివారికి మాత్రమే కాదు. ఉప్పల్ రోడ్డుపైన హబ్సిగూడలోనున్న సి.సి.ఎం.బి. పరిశోధనాలయమున జీవశాస్త్రజ్ఞులు జీబ్రాచేపలపై పరిశోధనలు చేసిరి. అది మంచినీటి చేప. అట్టి చేపలను పెంచు పరిశోధనాలయములలో ప్రపంచమంతటను పాటించు పద్ధతి యేమనగా, బయటినుండి వచ్చిన చేపలను వేరుగా నుంచి, వాటి గ్రుడ్లను పైపైన శుద్ధిచేసి, ఆ పిల్లలను మాత్రమే లోపలికి రానిచ్చుట. తల్లి గడప దాటదు, బిడ్డ దాటును.

ఇల్లాలు జాగ్రత్తపడవలసినవి

చేపలమందులు మనుజులకు మందులు కావు. తెల్లచుక్కలకును వెల్వెట్టుకును వాడు మందులలో క్లోరోక్విన్ ఫాస్ఫేటు ఒకటి. మలేరియా మందు కూడ ఆ జాతిదే. 2020 మార్చిలో అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున, కరోనాకు అది మందని విని, చేపలతొట్టికై కొనియుంచిన క్లోరోక్విన్ ఫాస్ఫేటును దంపతులిద్దరు మ్రింగగా భర్త మరణించెను. కావున చేపలమందులను వంటింటి అలమరలో నుంచరాదు. చీటీ అంటించి, పిల్లలకు అందనిచోట తాళము వేయవలెను. మందు కొలుచు చెంచాను, గిన్నెను తిరిగి వంటకు వాడరాదు.

చేతికి గాయమున్నప్పుడు తొట్టినీటిలో చేయి పెట్టరాదు. చేపలనుండి మనుజులకు సోకు చర్మరోగపు సూక్ష్మజీవి యొకటి కలదు. అది నెలలతరబడి మానని పుండ్లను కలిగించును. అట్టి పుండు కలిగినచో వైద్యునికి తొట్టి సంగతి తప్పక చెప్పవలెను. పని ముగియగానే సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

మార్చిన ఉప్పునీటిని తులసికోటలోను పూలకుండీలలోను పోసినచో మొక్క చచ్చును. రాగి కలిసిన నీటిని ఉప్పల్ నల్లచెరువున గాని నాచారపు చెరువున గాని కలియనీయరాదు. తొట్టిచేపలను చెరువులలో విడుచుట పుణ్యమని కొందరు తలతురు. కడలిచేప మంచినీట బ్రదుకదు. మంచినీటి విదేశీచేప బ్రదికి, దేశవాళీ చేపల బ్రదుకు చెరుచును.

చేపను ఎన్నుకొనుట

రోగమును తగ్గించు మార్గములలో ఉత్తమమైనది తొట్లలో పుట్టిన చేపను కొనుట. 1947లో స్థాపింపబడిన కేంద్ర సముద్రమత్స్య పరిశోధనాసంస్థవారు క్లౌన్ చేపలను, డామ్సెల్ చేపలను తొట్లలోనే పొదిగించు విధానములను కనుగొనిరి. ఆ సంస్థకు మన విశాఖపట్టణమునను కేంద్రము కలదు. లక్షద్వీపములలో అగత్తి దీవి స్త్రీలు, జాతీయ మత్స్యజన్యువనరుల సంస్థవారి శిక్షణమున, అలంకారపు సముద్రజీవులను పెంచుట నేర్చిరి. తొట్టిలో పుట్టిన చేప మేతకు అలవాటుపడియుండును, ప్రయాణమున కృశింపదు, సముద్రపు పరాన్నజీవులను వెంట తేదు. అయినను అంగడినీటిలో జబ్బు సోకియుండవచ్చును గనుక దానికిని కోరంటి తప్పదు.

కొనునప్పుడు చేప మేత తినుట కన్నులార చూచి కొనవలెను. ఊపిరి వేగముగా తీయుదానిని, ఒక మూల నక్కినదానిని విడువవలెను. జాలిపడి జబ్బుచేపను తెచ్చుట మిగిలినవాటికి చేయు ద్రోహము. పగడములను, సముద్రపు గుర్రములను ఎవ్వరైన అమ్మజూపినచో కొనరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణలోనికి వాటిని 2001లో చేర్చిరి. వాటిని కొనుటయు నమ్ముటయు నేరము.

మొత్తముమీద నాలుగు నుండి ఆరు వారములు క్రొత్తచేపను కోరంటిలో నుంచి, తినుట, ఊపిరి, చర్మము, కన్నులు దినము రెండుమారులు చూచి, చిన్నపుస్తకమున వ్రాసికొనుచుండవలెను. ఈ పుస్తకపు పని పిల్లలకు అప్పగించినయెడల వారికి కనిపెట్టి చూచుట యలవడును. కడపటి రెండు వారములు ఏ మందును లేక, ఏ చిహ్నమును లేక గడచినచో చేపను పెద్దతొట్టిలో విడువవచ్చును.

సముద్రమున స్వేచ్ఛగా తిరుగు ప్రాణిని మనము వినోదమునకై ఉప్పల్ మేడపైకి తెచ్చితిమి. దానికి మనము చేయవలసిన కనీసపు మర్యాద, దానిని బ్రదికించు విద్యను నేర్చుట. ఆ విద్యలో ఖరీదైనది తక్కువ, కనిపెట్టుకొని యుండుట ఎక్కువ. తొట్టి కొనుటకు తలపెట్టిన సోదరీమణులు ఇంట ఒక తొట్టికి గాక రెండు తొట్లకు చోటు చూచుకొని, రెండవదానిని ముందు సిద్ధము చేసి, ఆ పిమ్మట చేపను కొనబోవుదురు గాక యని మా మనవి.